బూడిద కలిపిన జొన్నలు

జొన్నరొట్టె గుండ్రంగా చేయడం నేర్చుకోవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. అంతకుముందు నేను చేసినవాటిని చూసి మా మరిది "వదినె హిందూదేశం పటాలు చేస్తుంది" అని నవ్వేవాడు. కన్యాకుమారి దగ్గర తప్పకుండా విరిగేది.

నిజానికి ఆ తప్పు నాది కాదు, మంజీర నదిది. నవ్వకండి, చెబుతాను. మంజీర మా అత్తవారి ఊరికి ఉత్తరాన పల్లంలో ఎక్కడో మెలికలు తిరుగుతూ పోతుంది. మా మెట్టచేలకు ఆ నీరు ఎక్కదు. అలా పోయి పోయి, 1931లో కట్టడం పూర్తయిన నిజాంసాగరు దగ్గర ఆగి, అక్కడి నుంచి కాలువలై మా పుట్టింటి మడులలోకి వచ్చేది. నది ఒక్కటే. అక్కడ వరి, ఇక్కడ జొన్న. పుట్టింట్లో జొన్నలంటే పావురాలకు చల్లే గింజలని మాత్రమే నాకు తెలుసు. 1988లో పెళ్ళయి ఝరాసంగం మండలంలోని ఈ ఊరికి వచ్చిన రెండోనాడు, కంచంలో అన్నానికి బదులు రెండు రొట్టెలూ, పుంటికూర పప్పూ, ఒక పచ్చి ఉల్లిగడ్డా కనిపించేసరికి నాకు ఏడుపు వచ్చినంత పనయింది. అన్నం పండుగలకూ, చుట్టాలకూ అట. నేను ఇక చుట్టాన్ని కాదన్నమాట!

ఝరాసంగం అన్న పేరు వినగానే ఎవరైనా నీళ్ళు పారే చోటని ఊహించుకుంటారు. నేనూ అలాగే మోసపోయాను. ఝర అంటే సెలయేరే. కేతకీ సంగమేశ్వరుడి గుడిలో గుండం ఉంది. ఆయనకు మొగలిపువ్వుతో పూజ చేస్తారు. శివపూజకు మొగలి పనికిరాదని మా పుట్టింట్లో నేర్పారు, ఇక్కడ దేవుడి పేరే మొగలిపువ్వు మీద ఉంది! నేర్చుకున్నవి తలకిందులయ్యే ఊరికి వచ్చానని అప్పుడే గ్రహించి ఉండవలసింది. దేవుడి గుండం సంగతి అలా ఉంచితే, చేలకు మాత్రం ఆకాశమే దిక్కు.

అత్తగారి కథలంటే తెలుగువారికి భానుమతిగారు గుర్తుకు వస్తారు. మా అత్తమ్మ ఆ కథల్లో అత్తగారిలా ఏమీ ఉండేది కాదు. చాలా తక్కువ మాట్లాడేది. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, "బిడ్డా" అనేది. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. నాలుగెకరాల భూమి: రెండున్నర ఎర్ర చెలక, ఒకటిన్నర నల్లరేగడి. దాన్ని ఆమే చూసుకునేది. దున్నడానికీ, బండి తోలడానికీ మరిది. ఏం వేయాలి, ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్న మూడూ ఆమెవి.

ఆ చెలకను మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ఇప్పటికీ గుర్తుంది: వీళ్ళకు వ్యవసాయం రాదు! మా మడులలో వరి తప్ప ఇంకో మొక్క కనిపిస్తే పీకి గట్టు మీద పారేసేవారు. ఇక్కడ జొన్న పక్కన కంది, కంది పక్కన మళ్ళీ జొన్న, మధ్యలో సజ్జ, కొర్ర, సామ, వాటి కాళ్ళ దగ్గర పెసర, మినుము, జొన్న కాడను పట్టుకుని పైకి పాకే బెబ్బెర, అనుము. అక్కడక్కడ నువ్వులు, ఓ మూల తైదలు, చుట్టూ గట్టు వెంబడి పుంటికూర. ఎవరో విత్తనాల బుట్టలు ఎత్తుకుపోతూ కాలు జారి పడ్డట్టు ఉంది.

కాలు జారి పడింది ఏమీ లేదని తెలియడానికి ఒక సంవత్సరం ఆ చేనిలో తిరగవలసి వచ్చింది. రెండు నెలలు దాటేసరికి పెసరకాయ కోతకు వచ్చింది. మూడో నెలకు కొర్ర. తర్వాత సజ్జ, జొన్న. జొన్న కోసి చొప్ప కట్టలు కట్టి ఇంటికి తోలాక, ఇక అయిపోయిందనుకున్న చేనిలో కంది ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని పూతకు వచ్చింది. అప్పటిదాకా జొన్న నీడలో ఒదిగి ఉండి, వేరును మాత్రం లోలోపలికి దింపుకుంటూ పోయిందట. పైన తేమ ఆరిపోయిన సంక్రాంతి రోజుల్లో కూడా అది పచ్చగా ఉండడానికి కారణం ఆ వేరు. పప్పుజాతి వేళ్ళ మీది బొడిపెల్లో గాలిలోని నత్రజని నిలవ చేరుతుందనీ, రాలిన కంది ఆకు భూమికి ఎరువనీ నేను బడిలో చదువుకున్నదే. చదువుకున్నది కంటి ముందు కనిపిస్తే గుర్తుపట్టలేకపోయాను, అంతే.

రేగడి సంగతి వేరు. అందులో యాసంగికి జొన్న, శనగ, కుసుమ, అవిసె వేసేవాళ్ళం. వానలు వెనక్కు తగ్గాక, నేల దాచుకున్న తేమా, తెల్లవారుజామున కురిసే మంచూ తప్ప వాటికి మరో నీరు లేదు. కుసుమను చేను చుట్టూ గట్టువైపు సాళ్ళలో వేయించేది అత్తమ్మ. ముళ్ళు కదా, పశువు మూతి పెట్టదు. కంచె కంచే, నూనె నూనే.

ఇక కలుపు. నా వంతు కలుపు తీసే రోజున బుద్ధిగా ఓ సాలంతా శుభ్రం చేసి, మెచ్చుకుంటుందని అత్తమ్మ వైపు చూశాను. ఆమె నేను పీకి పారేసిన కుప్ప దగ్గర కూర్చుని, అందులోంచి ఒక్కొక్క ఆకూ ఏరి కొంగులో వేసుకుంటోంది. దొగ్గలికూర, గునుగు, తుమ్మి, చెన్నంగి, గంగవాయిలి. ఆ రాత్రి కూర అదే. విత్తనం వేయకుండా, నీరు పెట్టకుండా వచ్చిన కూర. ఎరువులూ, కలుపు మందులూ కొట్టిన చేలలో అది ఉండదు, ఉన్నా తినడానికి లేదు. వానకాలం రెండు మూడు నెలలు మా ఇంట్లో కూరగాయలు కొన్న గుర్తు నాకు లేదు.

ఇదంతా చదివి, ఆ రోజులు స్వర్గంలా ఉండేవని రాస్తున్నానని అనుకోకండి. నడుము విరిగే పని. జొన్న పాలు పోసుకునే రోజుల్లో పిట్టలను తోలడానికి మంచె మీద వడిసెల పట్టుకుని పొద్దస్తమానం కూర్చోవాలి. కొర్రలు, సామలు దంచి బియ్యం చేయడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. రోకలి పట్టిన మొదటి వారం నా అరచేతులు బొబ్బలెక్కాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఈ వైపు ఆడవాళ్ళు సంతోషించారంటే అందుకు కారణం ఉంది. దంచనక్కరలేని, దులపనక్కరలేని తెల్లని గింజ, అదీ చవకగా ఇంటికి వచ్చింది. పిల్లలు అన్నం అడిగారు, రొట్టె పేదవాళ్ళ తిండి అయింది. తినేవారు తగ్గాక పండించేవారు తగ్గారు. చెలకలు కొన్ని బీళ్ళయ్యాయి, కొన్ని చెరకుకూ పత్తికీ మళ్ళాయి. నేను వచ్చేనాటికి ఊళ్ళో జొన్న పాతర ఒక్కటే మిగిలింది. పాతర అంటే తెలియనివారికి: నేలలో గుంట తవ్వి, గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టి కప్పేస్తారు. తెరిచిన రోజున వెంటనే దిగకూడదు. లోపలి గాలి ప్రాణం తీస్తుంది. దీపం దింపి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగాలి.

అదే 1983లో పస్తాపూరు కేంద్రంగా పి.వి. సతీశ్ గారూ ఆయన మిత్రులూ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో దళిత స్త్రీలు ఎక్కువగా ఉన్న సంఘాలు ఏర్పడ్డాయి. 1990లలో వారు బీడు పడిన చెలకలను బాగు చేసి జొన్న వేశారు. అందుకు తీసుకున్న అప్పును డబ్బుగా కాక గింజగా తీర్చేవారు. ఆ గింజను ఊళ్ళోనే నిలవ చేసి, తిండికి కటకటగా ఉండే నెలల్లో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చేవారు. మా అత్తమ్మ సంఘంలో లేదు. మాది పట్టా భూమి ఉన్న ఇల్లు, సంఘం వాళ్ళది ఊరి చివరి వాడ. ఆ దూరం మీకు వివరించనక్కరలేదు. అయినా సంక్రాంతి నాళ్ళలో వారి పాత పంటల జాతర బండ్లు విత్తనాల బుట్టలతో ఊళ్ళోకి వస్తే, అత్తమ్మ వాకిట్లో నిలబడి ప్రతి బుట్టలోనూ చేయి పెట్టి చూసేది. 2008 అక్టోబరులో మా మండలంలోని మాచునూరు నుంచి సంఘం రేడియో మొదలయ్యాక, సాయంత్రం పూట పొయ్యి దగ్గర అదే మోగేది. "గీ గొంతు మన తాన కల్పుకొచ్చేది" అని గుర్తుపట్టి నవ్వేది ఒక్కోసారి.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి 2016 వేసవిలో జరిగింది.

అప్పటికి మేము చాలా ఏళ్ళుగా సంగారెడ్డిలో ఉంటున్నాం. నాది బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం. సెలవులకూ పండుగలకూ మాత్రం ఊరు. ఏప్రిల్ చివర అత్తమ్మ పశువుల కొట్టం దగ్గర జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేశారు. మరిదీ, మా ఆయనా ఆసుపత్రిలో, నేను ఊళ్ళో ఇల్లూ పశువులూ చూసుకుంటూ. పరామర్శకు వచ్చేవారు రోజూ నలుగురైదుగురు. వారికి రొట్టెలు చేయాలి, ఆసుపత్రికి పంపాలి. అంతకుముందు సంవత్సరం కరువు, గుమ్మి అడుగంటింది. పిండి అయిపోయింది.

లోపలి గదిలో మూలన, మూతికి పేడ మెత్తిన కుండ ఒకటి కనిపించింది. పగలగొట్టి చూస్తే జొన్నలు. అయితే నిండా బూడిద. వేపాకు కూడా ఉంది, ఎండి పొడి అయిపోయి. పాపం, పురుగు పట్టకుండా ఎంత జాగ్రత్త చేసుకుందో అనుకున్నాను. చాటలో పోసి చెరిగి, మూడు నీళ్ళు పోసి బూడిద ఆనవాలు లేకుండా కడిగి, ఎండలో ఆరబోసి, గిర్నీకి పంపాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేసి ఉండను.

ఆ పిండితో చేసిన రొట్టెలు మర్నాడు నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను. అత్తమ్మ మంచం మీద ఒరిగి కూర్చుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"గిది ఏ జొన్న, బిడ్డా?"

చెప్పాను. కుండ, పేడ, బూడిద, కడగడం. నేను చెబుతుంటే ఆమె ముఖంలో ఏమీ మారలేదు. చేతిలో మిగిలిన రొట్టెను మాత్రం మడిచి, కొంగుతో కప్పి, పక్కన పెట్టుకుంది. తినలేదు. కాసేపటికి "బూడిద గలిపినమంటె ఇత్తనమన్నట్టు" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అది అత్తాకోడళ్ళ జొన్న. ఈ ప్రాంతపు పాత జొన్నల్లో ఒకటి. పచ్చజొన్న, తెల్లమల్లె జొన్న అని ఇంకా ఉన్నాయి. దీనికి ఆ పేరెందుకంటే, ఒక్కొక్క పొట్టులో రెండు గింజలు వీపుకు వీపు ఆనించి ఉంటాయి. ఒకే ఇంట్లో ముఖాలు అటూ ఇటూ తిప్పుకుని ఉన్న అత్తా కోడలూ అన్నమాట. పేరు పెట్టిన ఆవిడ ఎవరో గానీ గడుసుదే. ఊళ్ళో చాలామంది దాన్ని వదిలేశారు. 2015 కరువులో మా చేనిలో కూడా పండింది కొద్దే. ఆ కొద్దిలోంచి మంచి కంకులు ఏరి, విడిగా కొట్టి, కుండలో పెట్టింది. వాటినే నేను పరామర్శకు వచ్చినవారికి వడ్డించాను.

వారం తర్వాత, ఇంటికి తెచ్చాక, అడిగాను. "అత్తమ్మా, మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?" బజారులో దొరకవని నాకు అప్పటికే తెలుసు. జహీరాబాదులో విత్తనాల దుకాణాలన్నీ తిరిగి వచ్చాను. వారి దగ్గర ఉన్నవి రంగు పూసిన సంచుల్లోని సంకరజాతి గింజలు. అత్తాకోడళ్ళ జొన్న అంటే కుర్రవాడు నవ్వాడు.

అత్తమ్మ తేలిగ్గానే చెప్పింది. "ఎవల్కన్న ఇచ్చినోళ్ళ తాననే ఉంటయి. ఇచ్చినయే ఉంటయి బిడ్డా, దాసినయి ఎన్నడన్న పోతయి."

పక్క ఊళ్ళో ఒకామె ఉందనీ, ఆమె దగ్గరకు పొమ్మనీ పంపింది. ఆమె పేరు ఇక్కడ రాయను. నేను పెద్దవ్వ అని పిలుస్తాను. ఒకప్పుడు మా చేనికి కలుపుకు వచ్చేది, సంఘంలో మొదటి నుంచీ ఉన్న మనిషి. మా ఇంటి నుంచి ఎప్పుడో తీసుకుపోయిన విత్తనం అడగడానికి పోతున్నానన్న ధీమాతో మరిది బండి మీద వెళ్ళాను. చూశారా, ఇవ్వడమంటే మా ఇంటి నుంచి పోవడమేనని అంత సహజంగా అనుకున్నాను!

పెద్దవ్వ మా మాట విని, "మీ అత్త శెప్పలేదా? నీ పెండ్లిగాక ముందే మా అవ్వ ఇచ్చింది మీ ఇంటికి" అంది. వాళ్ళ అమ్మ కూలికి వచ్చినప్పుడు కొంగున కట్టుకు వచ్చి, మా అత్తమ్మ చేతిలో పోసిందట. చెలకలో వేసి చూడమని. మానెడు. అత్తమ్మ ఆ మరుసటి ఏడు రెండు మానికలు తిరిగి ఇచ్చిందట. తీసుకున్నదానికి రెండింతలు ఇవ్వడం విత్తనానికి ఇక్కడి లెక్క. దాదాపు మూడు దశాబ్దాలుగా మా అత్తమ్మ ఇంటి విత్తనమనుకుని నేను విన్నది, చూసింది, చివరికి పిండి పట్టించింది ఊరి చివరి వాడ నుంచి వచ్చిన గింజ.

ఆమె గుడిసె కాదు, కొత్త డాబా. లోపల గచ్చు మీద వరుసగా వెదురు బుట్టలు, పేడతో అలికినవి. ఒకదాంట్లోంచి మానెడు జొన్నలు కొలిచి నా సంచిలో పోసింది. బూడిదతో సహా. ఈసారి నేను బూడిదను చూసి దండం పెట్టుకున్నాను.

"మీ చేను ఎట్లుంది పెద్దవ్వా?" అని అడిగాను, మర్యాదకు.

"చేనేడుంది బిడ్డా. పాయె గద."

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల భూములు కలిపి, సుమారు 12,635 ఎకరాల్లో జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి అన్నది ప్రతిపాదించారు. అందరూ నిమ్జ్ అంటారు. 2016 జనవరిలో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. తర్వాత 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల జాబితాలో జహీరాబాదు కూడా ఉంది. మంచిదా, చెడ్డదా అని ఊళ్ళో రెండు మాటలూ వింటాను. పెద్దవ్వ ఇంట్లోనే రెండు మాటలున్నాయి. కొడుకులు సంతోషంగానే ఇచ్చారు. వచ్చిన డబ్బుతోనే ఆ డాబా, ఒక ఆటో, మనుమరాలి చదువు. వాన కోసం ఆకాశం వంక చూసే బ్రతుకు ఇక తమకు వద్దని పెద్ద కొడుకు నా ముందే అన్నాడు. కాదనడానికి, నెలనెలా జీతం తీసుకునే నేనెవరిని? రాళ్ళ చెలక, సరైన ధర వస్తే ఎవరైనా ఇస్తారు. పెద్దవ్వ మాత్రం ఆ మాటలు జరుగుతున్నంతసేపూ బుట్టల మూతలు సర్దుతూ ఉంది.

నాకు అర్థంకానిది ఒకటే. చేను లేని మనిషి ఇంట్లో ఇన్ని బుట్టల విత్తనం ఎందుకు? అడిగేశాను.

ఆమె చెప్పింది విన్నాక, బండి మీద తిరిగి వస్తున్నంతసేపూ నేను మాట్లాడలేదు. విత్తనాన్ని బుట్టలో పెట్టి ఊరుకుంటే రెండు మూడేళ్ళకు చచ్చిపోతుంది. నువ్వులలాంటివి ఇంకా ముందే. దానికి నేల కావాలి. తనకు నేల లేదు. అందుకని ఏ ఏటికా ఏడు ఎవరో ఒకరికి మానెడు ఇస్తుంది, వారు పండించి రెండు మానికలు తెచ్చి ఇస్తారు. ఒక మానెడు కొత్త గింజ బుట్టలో, ఒక మానెడు ఇంకొకరికి. కొర్ర ఒకరి చేనిలో, సామ ఒకరి చేనిలో, ఎర్ర కంది మరొకరి చేనిలో. ఆమె వ్యవసాయం ఆ విధంగా ఏడెనిమిది మంది గట్ల మీద సాగుతోంది.

ఆ ఏడు మృగశిరకు కొంచెం ఆలస్యంగా చెలక తడిసింది. అత్తమ్మను నులక మంచం మీద చేను గట్టు దాకా మోయించుకుపోయాము. అక్కడి నుంచి ఆమె చెబుతుంటే నేను గొర్రు వెనక నడిచాను. జడ్డిగంలో గింజ పోయడం చూడ్డానికి సులువు. పిడికిట్లోంచి గింజలు జారే వేగమూ, ఎద్దుల నడకా కలవాలి. వేగంగా పోస్తే మొక్కలు ఒత్తుగా లేస్తాయి, నెమ్మదిస్తే సందులు పడతాయి. "పిడికిలి ఇప్పకు, సడలియ్యి" అని అరిచేది గట్టు మీది నుంచి. బయట మొలకలు వచ్చాక నా పిడికిలి ఎక్కడెక్కడ బిగిసిందో, ఎక్కడ సడలిందో నేల మీద రాసినట్టు కనిపించింది. యాభై ఏళ్ళు దాటిన పంతులమ్మకు దస్తూరి బాగాలేదని అత్తమ్మ చెప్పినట్టయింది.

జొన్న బాగా వచ్చింది. మనిషిని మించి పెరిగింది. కంకి పాలు పోసుకుని గట్టిపడే వేళకు, సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయి. ఆ నెల వానలకే సింగూరు జలాశయం నిండింది. హైదరాబాదులో అందరూ సంతోషించారు. కంకి మీద ఆగకుండా వాన కురిస్తే ఏమవుతుందో జొన్న వేసినవారికి తెలుసు. గింజకు బూజు పడుతుంది, నల్లబడుతుంది. శనివారం వచ్చి చూసినప్పుడల్లా కంకులు ఇంకాస్త నల్లగా కనిపించేవి. నేను ప్రతి వారం అత్తమ్మకు "బాగానే ఉంది" అని అబద్ధం చెప్పేదాన్ని. ఆమె నమ్మినట్టు కనిపించేది.

కోసే ముందు ఒక రోజు, కర్ర ఊతంతో తనే చేనికి వస్తానంది. సాలు సాలుకూ నిలబడి, వంచి, కంకి వెనకవైపు చూసి, కొన్నిటికి పాత చీర పేలికలు కట్టించింది. వదులుగా, విడివిడిగా ఉన్న కంకులకు వాన నీరు నిలవక బూజు తక్కువ పట్టిందని నాకు చూపించింది. ఆ పేలికల కంకులే విడిగా కోసి, నీడలో ఆరబెట్టి, కర్రతో నెమ్మదిగా కొట్టాము. మిగతా పంటలో సగం పశువులకే. విత్తనం మాత్రం తూర్పారబట్టాక ఐదు మానికలు తేలింది. కంది ఎప్పటిలాగే సంక్రాంతికి వచ్చి, ఆ ఏడు నష్టాన్ని సగం మోసింది.

ఎల్లమాస నాడు, అంటే మార్గశిర అమావాస్యకు, పెద్దవ్వ బాకీ తీర్చడానికి వెళ్ళాను. ఆ పండుగకు ఈ వైపు రైతులందరూ చేలకు పోతారు. చేనిలో ఐదు రాళ్ళకు సున్నం పూసి పాండవులని మొక్కుతారు. ఉన్న పప్పుకాయలూ ఆకులూ అన్నీ కలిపి వండిన భజ్జీ, సజ్జరొట్టెలు అక్కడే కూర్చుని తింటారు. పక్కవారిని పిలిచి పెట్టడం ఆచారం. పెద్దవ్వ ఇంట్లోనే ఉంది. ఎక్కడికి పోతుంది? నేను తెచ్చిన రెండు మానికలను చాటలో పోసుకుని, ఒక్కొక్క గింజా వేలితో కదిపి చూసి, నల్లవి నాలుగు ఏరి పారేసింది. భజ్జీ గిన్నె ఇస్తే కూడా పక్కన పెట్టుకుని, ముందు గింజలే చూసింది.

"మంచిగనే పండిచ్చినవ్" అంది. నా ఉద్యోగ జీవితంలో అందుకున్న ప్రశంసాపత్రాలు ఇంట్లో ఓ సొరుగులో ఉన్నాయి. వాటి గురించి ఇక రాయను.

తర్వాత ఒక మానెడు తన బుట్టలో పోసుకుంది. రెండోది కొలిచి మళ్ళీ నా సంచిలో పోసింది. ఇది ఎవరికివ్వాలి అని అడిగాను.

"ఎవలకొద్దు. గిది నాదే. నీ చేన్ల ఒక పక్కకు నాలుగు సాళ్ళు ఏసుకుంట. ఏసేనాడు జెప్పి పంపు."

తరువాతి జూన్‌లో కబురు పంపితే కొడుకు ఆటోలో వచ్చింది. అత్తమ్మ గట్టు మీద మంచంలో కూర్చుని ఉంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆకువక్కా పంచుకున్నారు. పెద్దవ్వ చెప్పులు విడిచి, కొంగు నడుముకు దోపి, తూర్పు గట్టు పక్క నాలుగు సాళ్ళూ గొర్రు వెనక తనే నడిచి పోసింది. మొలకలు వచ్చాక చూస్తే ఎక్కడా సందు లేదు.

అత్తమ్మ 2021లో పోయింది. చేను ఇప్పుడు మరిది కొడుకూ నేనూ చూసుకుంటున్నాం. ఒక ఎకరంలో అతను పత్తి వేస్తాడు, నేను వద్దనను. చెలక మాత్రం పాత పద్ధతిలోనే. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పుడు సంగారెడ్డి బజారులో కొర్రల ధర విని పెద్దవ్వకు చెబితే, చాలాసేపు నవ్వింది. ఆమె ఇప్పుడు అంత దూరం నడవలేదు. తూర్పు గట్టు పక్కన నాలుగు సాళ్ళు ఆమె పేరనే వేస్తాము, పండింది ఆమె ఇంటికే చేరుస్తాము. కొలిచేటప్పుడు ఒక పిడికెడు తిరిగి నా సంచిలో వేసి, అదెందుకో ఆమె చెప్పదు, నేను అడగను. పోయిన ఏడు చేసిన రొట్టె అడుగున కొంచెం మాడింది. ఆకారం మాత్రం గుండ్రంగానే వచ్చింది.